ముక్కు కోసం పెంచిన తులసి

పోయిన నెల మా స్కూల్లో ఒక టీచర్ రిటైరై, కంది ఊరి దగ్గర హైవే పక్కన కొత్తగా తెరిచిన హోటల్లో మా అందరికీ భోజనం పెట్టించాడు. నోరు తిరగని పేరున్న కోడికూర ఒకటి వచ్చింది. ముక్కల మధ్య నల్లగా వేగిన ఆకులున్నాయి. కరివేపాకే అనుకుని ఒకటి నమిలిన మా సోషల్ మేడమ్ ఉలిక్కిపడి, "అయ్యో, గిది తులసాకు గద సార్! తులసమ్మను దెచ్చి కోడిల ఏసిండ్రేంది!" అని లెంపలేసుకుంది. అందరూ నవ్వారు. నేను మాత్రం చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. ఆ కూర నేను ఎప్పుడో తిన్నాను. ఇస్నాపూర్‌లో ఒక కిరాయి బిల్డింగు మేడ మీద, చిన్న గ్యాస్ స్టవ్వు పక్కన గొంతుక్కూర్చుని తిన్నాను. వండి పెట్టినాయన పోయి ఇంకా ఏడాది కూడా కాలేదు.

ట్రాన్స్‌ఫర్ మీద వచ్చి నేను ఆ బిల్డింగులో దిగిన రోజే ఆయన పరిచయమయ్యాడు. పరిచయం అంటే మామూలుగా ఉండే పరిచయం కాదు. నేను సామాను సర్దుకుంటుంటే సెక్యూరిటీ యూనిఫాంలో ఉన్న పొడుగాటి మనిషి ఒకాయన తిన్నగా లోపలికి వచ్చాడు. పేరేంటి, ఏ ఊరు, ఏం పని అన్న మాటే లేదు. పిడికిలి తెచ్చి నా ముక్కు కింద పెట్టి విప్పాడు. అరచేతిలో నలిపిన తులసాకు ఉంది.

"వాసనొస్తున్నదా సార్?"

"వస్తున్నది."

"మంచిగొస్తున్నదా, జెరంతనా?"

"మంచిగనే వస్తున్నదన్నా."

ఆయన నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు. పెళ్లిలో పంక్తి దొరకనివాడు తినేవాళ్లను చూసినట్టు చూశాడు. తర్వాత "మీరు పుణ్యాత్ములు సార్" అనేసి వెళ్లిపోయాడు. పోయి పోయి పిచ్చివాడి పక్కన గది తీసుకున్నానా అని నాకు భయం పట్టుకుంది. కాసేపటికి ఆయన భార్య చాయ్ గ్లాసు తెచ్చిస్తూ విషయం చెప్పింది.

"ఏమనుకోకుండ్రి సార్. ఆయనకు ముక్కు పనిచెయ్యది. ఏ వాసనా తెల్వది. కొత్తోళ్లు ఎవలొచ్చినా గట్లనే అడుగుతడు."

ఆ ముక్కు ఎప్పుడు పోయిందో ఆయనకే తెలియదు. కన్ను పోతే ఆ క్షణమే తెలుస్తుంది. ముక్కు అట్లా కాదు, చెప్పాపెట్టకుండా పోతుంది. ఆయన పటాన్‌చెరు వైపు ఒక మందుల కంపెనీలో ఏళ్ల తరబడి ఆపరేటర్. తడి పొడిని ఆరబెట్టే బ్లాకులో పని. ఒక రోజు భార్య పొయ్యి మీద అన్నం పెట్టి, జెర చూడమని చెప్పి నీళ్ల ట్యాంకర్ దగ్గరికి పోయిందట. పక్కింటివాళ్లు వచ్చి తలుపు బాదేసరికి గిన్నెలో అన్నం బొగ్గయింది. ఈయన పొయ్యికి వీపు పెట్టి కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. అప్పుడు తెలిసింది.

అట్లాంటి బ్లాకుల్లో గ్యాస్ లీకైతే మీటర్ల కంటే ముందు పసిగట్టేది మనిషి ముక్కే. అది లేనివాడు తనకూ ప్రమాదమే, పక్కవాడికీ ప్రమాదమే. ఆయన్ను గేటు దగ్గర సెక్యూరిటీకి మార్చారు. నేను ఆయన తరఫున కోపం తెచ్చుకోబోతే వద్దన్నాడు. "అండ్ల వాళ్ల తప్పు లేదు సార్. నేనున్నా గదే జేస్తుంటి" అన్నాడు. కోపం రావలసిన చోట ఆయనకు రాదు. తన తులసి చెట్టు మీద కాకి వాలితే మాత్రం ఇల్లు పీకి పందిరేసేవాడు.

సంగారెడ్డిలో ముక్కు డాక్టరుకు చూపించుకున్నాడు. లోపలి నరం దెబ్బతిన్నదని, వాసన మళ్లీ రావచ్చు, రాకపోవచ్చని, ఘాటైనవి ఏవైనా రోజూ పీలుస్తూ ఉండమని ఆ డాక్టర్ చెప్పాడట. రాకపోవచ్చు అన్న ముక్క ఈయన చెవిలో పడ్డట్టు లేదు. నిమ్మతొక్క పీల్చాడు, లవంగం పీల్చాడు, అమృతాంజనం సీసాలు ఖాళీ చేశాడు. చివరికి తులసి దగ్గర ఆగాడు. "దేవుని కాడుండే చెట్టు సార్. గిదే ఇయ్యకపోతె ఇంకేదిస్తది?" అని ఆయన వాదన.

పట్టిన పట్టు మామూలుది కాదు. మేడ నిండా పెయింటు బకెట్లు, పండ్ల దుకాణంలో పారేసిన థర్మకోల్ డబ్బాలు, వాటిలో నల్లతులసి, తెల్లతులసి. బస్తీలో మట్టి నమ్మడు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానీ అమ్మవారి గుడికి పోయినప్పుడల్లా సిమెంటు సంచిలో అక్కడి చేలమట్టి మోసుకొచ్చేవాడు. బోరు నీళ్లు బకెట్లో కాసేపు ఉంచితే పసుపుపచ్చని తెట్టు కడతాయి. ఆ నీళ్లు మా గిన్నెలకు, గుడ్డలకు మాత్రమే. తులసికి మాత్రం కొనుక్కునే క్యాన్ నీళ్లు.

"మనుషులు తాగే నీళ్లు చెట్లకు పోస్తవా?" అని భార్య మొత్తుకునేది.

"చెట్టు తాగినంక చెట్టును నేను తాగుత గదనే" అనేవాడు.

పూల వెన్ను తొడిగితే ఆకులో దమ్ము పోతుందని, డ్యూటీ దిగి రాగానే చొక్కా కూడా విప్పకుండా మేడెక్కి, వచ్చిన వెన్నును వచ్చినట్టు వేళ్లతో తుంచేవాడు. ఆయన చేతుల్లో చెట్లు గుబురుగా, మోకాలెత్తు దాటి పెరిగాయి. మెట్ల మీదికి వచ్చేసరికే మాకు గుప్పుమనేది. ఆ మధ్యలో ఆయన చెవిటివాడు శంఖం పక్కన కూర్చున్నట్టు కూర్చునేవాడు.

భార్యకు మాత్రం తులసి చెట్టు కాదు, తల్లి. మంగళవారం, శుక్రవారం, ఆదివారం కోయకూడదు. ద్వాదశినాడు అసలే కూడదు. స్నానం లేకుండా ముట్టకూడదు, గోరు తగలకూడదు, పొద్దుగూకితే దగ్గరికి పోకూడదు. ఆ పట్టింపులన్నీ ఆయన చేత కూడా పాటింపజేసేది. ఆయన పైకి ఒప్పుకునేవాడు. కోయకూడని రోజున చెట్టు ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఎవరూ చూడకుండా బకెట్టును మోకాలితో మెల్లగా పొడిచేవాడు. రెండాకులు రాలితే ఏరుకుని, "రాలింది కోసినట్టు గాదు" అనేవాడు. ఆమెకు తెలియక కాదు. చూసీ చూడనట్టు ఊరుకునేది.

ముక్కు దారిన రాకపోతే గొంతు దారినన్నా వస్తుందని ఒకనాడు ఆయనకు ఆలోచన పుట్టింది. అక్కడ మొదలైంది తులసి వంట. ఇంట్లో పొయ్యి మీద భార్య పడనివ్వలేదు.

"దేవుని ఆకును ఎల్లిపాయతోని ఉడకబెడ్తవా? కండ్లు పోతయ్."

"ముక్కెట్లనో పాయె. ఇగ కండ్లు గూడ పోనీ."

మర్నాడే చిన్న స్టవ్వు కొనుక్కుని మేడ మీద పెట్టాడు. చారు ఆయన బాగా పెట్టేవాడు. చింతపండు పలచగా పిసికి, మిరియాలు, జీలకర్ర, ఎల్లిపాయ కచ్చాపచ్చాగా దంచి వేసి, మరిగాక దించేవాడు. అప్పుడు గుప్పెడు ఆకు అరచేతుల మధ్య నలిపి వేసి మూత పెట్టేవాడు. "ఆకు ఉడకొద్దు సార్, చేదెక్కుతది" అనేవాడు. నువ్వులు, పచ్చిమిరపకాయలతో తులసి పచ్చడి నూరేవాడు. పెసరపప్పులో వేసేవాడు. ఒక ఆదివారం కోడికూరలో వేశాడు. ఆకు శనివారమే కోసి తడిగుడ్డలో దాచాడట, అంటే నియమం తప్పలేదన్నమాట! ఆ రోజు ఆ ఇల్లాలు మాకెవరికీ మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

వండింది ఆయన ముందు తినడు. మాకు పెట్టి మా మొహాలు చూస్తాడు. పైగదిలో ఉండే బీహారు కుర్రాళ్లు చారు గ్లాసు ఎత్తి, "క్యా ఖుష్బూ హై చాచా!" అంటే ఒక్క నిమిషం ఆయన మొహం వెలిగేది. తర్వాత తను ఒక గుక్క తాగి, "పులుపున్నది. కారమున్నది. ఇంతే" అని గ్లాసు కింద పెట్టేవాడు. అట్లా ఎన్నిసార్లు చూశానో. చూసిన ప్రతిసారీ నాకు అక్కడి నుంచి లేచి పోవాలనిపించేది.

ఒకసారి నన్ను పట్టుకుని, "సార్, మీరు సదువుకున్నోళ్లు. తులసి వాసన ఎట్లుంటదో జెర మాటలల్ల చెప్పుండ్రి. నేను మర్చిపోతున్న" అన్నాడు.

"లవంగం లెక్క ఉంటదన్నా" అన్నాను.

"లవంగమెట్లుంటది?"

"ఘాటుగ..."

"ఘాటంటె మిరపకాయ గూడ ఘాటే గద సార్."

నేను ఎంత తన్నుకున్నా ముందుకు పోలేకపోయాను. ఆయనే నా భుజం తట్టాడు. "పోనీండ్రి. అన్నీ మర్చిపోయిన గనీ ఒక్కటి మర్చిపోలే. మా బిడ్డ సంటిపిల్లగ ఉన్నప్పుడు డ్యూటీకెల్లి వచ్చి, తానం జేసి, దాని తల వాసన జూసేది. సాంబ్రాణి పొగ, పాలు, ఇంక ఏందో. గదొక్కటి ఇంక ఉన్నది లోపట" అని తల మీద వేలు పెట్టి చూపించాడు.

ఆ బిడ్డే తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఒక్కతే కూతురు. అల్లుడూ జిన్నారం దగ్గర ఇంకో కంపెనీలో ఇట్లాంటి బ్లాకులోనే ఆపరేటర్. కూతురు వచ్చినప్పటి నుంచి ఆయన ఆత్రం ఎక్కువైంది. మనుమడో మనుమరాలో పుట్టేలోగా ముక్కు రావాలి. అదొక్కటే కోరిక. ఆ పిల్ల తల వాసన చూడాలి. పొద్దున్నే ఆకు, డ్యూటీకి పోతూ ఆకు, గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నా జేబులో ఆకు. చారు రెండు పూటలా. కూతురు పగలబడి నవ్వేది. "నాయినా, నువ్వు ఇంకొన్నొద్దులైతే తులసికోటయితవ్, అమ్మ నీ సుట్టు తిరుగుతది" అనేది. ఆయన కూడా నవ్వేవాడు. ఆ ఇంట్లో నేను విన్న నవ్వులన్నీ ఆ కొద్ది రోజులవే.

అప్పుడు జరిగింది ఆ సంగతి. సెలవు రోజు, పొద్దున పూట. నేను వాకిట్లో పేపర్ చదువుతున్నాను. మేడ మీద ఆయన చారు దించి, ఆకు నలుపుతున్నాడు. ఉన్నట్టుండి పెద్ద కేక వినిపించింది.

"లీకైంది! గ్యాస్ లీకైంది! బయటికురుకుండ్రి!"

మెట్లు దూకుతూ దిగి, ప్రతి తలుపూ అరచేత్తో బాదుకుంటూ పోయాడు. ఈ కంపెనీల చుట్టుపక్కల ఆ మాట వింటే ఎవరూ ఎందుకని అడగరు. చేతికి దొరికిన తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకుని పరుగెత్తడమే. ఆయన ఆరేసిన చీర ఎటు ఊగుతుందో చూసి గాలి ఎటు వీస్తోందో పట్టుకున్నాడు. "గాలికెదురు వద్దు, గాలెంబడి వద్దు, అడ్డంగ ఉరుకుండ్రి" అని మమ్మల్నందరినీ హైవే వైపు తోలాడు. నిండు చూలాలైన కూతురిని ఒక రెక్క ఆయన, ఒక రెక్క భార్య పట్టుకుని పరుగెత్తించారు. ఆ పిల్ల పొట్ట పట్టుకుని ఏడుస్తూ పరుగెత్తింది. టైర్ల షాపు ముందు అందరం ఆగి, రొప్పుతూ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఎవరి కళ్లూ మండడం లేదు, ఎవరికీ దగ్గు రాలేదు. బీహారు కుర్రాడొకడు తువ్వాలు తీసి గాలి పీల్చి, "చాచా, కుఛ్ నహీ హై" అన్నాడు. రోడ్డు మీద బస్సులు మామూలుగా పోతున్నాయి.

అప్పుడు ఆయన భార్యకు తట్టింది. "ఏమయ్యా, నీకు వాసనొచ్చిందా?"

ఆయన చెయ్యి ముక్కు మీదికి పోయింది.

"అమ్మా, నాయినకు ముక్కొచ్చిందే!" అని కూతురు అరిచింది. ఏడుస్తున్నదల్లా నవ్వింది. భార్య రోడ్డు మీదే భవానీ అమ్మవారి వైపు తిరిగి దండం పెట్టింది. కుర్రాళ్లు ఆయన్ను ఎత్తి కుదిపారు. ఇంత మందిని ఉత్త పుణ్యానికి పరుగెత్తించాడని ఒక్కరూ తిట్టలేదు. ఎవరో పక్కనున్న మిఠాయి బండి నుంచి వేడి జిలేబి తెచ్చారు. కూతురే ఒక ముక్క తుంచి తండ్రి నోటి దగ్గర పెట్టింది. అప్పుడు ఆయన మొహం చూసింది నేనొక్కణ్నే అనుకుంటాను. ఆయన నోరు మూసుకున్నాడు. ముక్క చేత్తో తీసుకుని, "ఇంటికాడ తింట బిడ్డా" అన్నాడు.

తిరిగి వచ్చాక మేడెక్కాడు. నేనూ వెనకాలే ఎక్కాను. నల్లతులసి ఆకు తెంపి నలిపి చూశాడు, పారేశాడు. తెల్లతులసి ఆకు నలిపాడు, పారేశాడు. చారు గిన్నె మూత తీసి వెంటనే పెట్టేశాడు. తర్వాత స్టవ్వు పక్కన కూలబడ్డాడు.

"గదే వాసన సార్. బ్లాకుల పొడి ఆరవెట్టేటప్పుడు వస్తది సూడుండ్రి, గదే. లీక్ గాదు, పాడు గాదు. తులసి గదే వాసన. జిలేబి గదే. నా చెయ్యి గూడ గదే."

డాక్టరు దగ్గరికి మళ్లీ తీసుకుపోయాను. దెబ్బతిన్న నరం తిరిగి పుంజుకునేటప్పుడు ఒక్కోసారి ఇట్లా తప్పు వాసన పట్టుకుంటుందని, కొందరికి సర్దుకుంటుందని ఆ డాక్టర్ చెప్పాడు. ఈసారి కొందరికి అన్న మాట మా అన్నకు బాగా వినిపించింది. బస్సు దిగేటప్పుడు, "బిడ్డకు చెప్పకుండ్రి సార్. ముక్కొచ్చిందనే అనుకోనీ" అన్నాడు. భార్య దగ్గర దాగలేదు. కంచం ముందు కూర్చోగానే డోకుకునేవాణ్ని ఏ ఇల్లాలు కనిపెట్టదు? ఆమె కూడా కూతురికి చెప్పలేదు.

ఆడపిల్ల పుట్టింది. పురిటి స్నానం చేయించి, సాంబ్రాణి పొగ పట్టి, మెత్తటి గుడ్డలో చుట్టి కూతురే తెచ్చి తండ్రి చేతుల్లో పెట్టింది. "వాసన జూడు నాయినా. ఇగ నీకు అన్ని వాసనలు ఒస్తయి గద" అంది. ఆయన తల వంచాడు. వంచినవాడు ఆగిపోయాడు. చేతులు బారజాపి పిల్లను భార్యకు అందించి, చెప్పులు కూడా తొడుక్కోకుండా బయటికి నడిచాడు.

తర్వాత ఒక్కసారి కూడా ఆ పిల్లను దగ్గరికి తీసుకోలేదు. వాకిట్లో దూరంగా కూర్చుని, సెక్యూరిటీ విజిల్ మెల్లగా ఊది ఆడించేవాడు. పిల్ల బోసినోటితో నవ్వితే మొహం పక్కకు తిప్పుకునేవాడు. కూతురు చూసి చూసి ఒక రోజు తల్లితో అన్నది గోడ ఇవతల నాకు వినిపించింది. "ఆడపిల్ల పుట్టిందని నాయినకు కష్టంగున్నదమ్మా. మొగపిల్లగాడైతే కిందికి దింపకపోతుండె." తల్లి, "కాదే, ఆయనకు చేతులు వణుకుతున్నయి, పడేస్తనేమోనని భయం" అని ఏదో సర్దింది. ఆ అబద్ధం ఎవరు నమ్ముతారు!

నేను ఆయన్ను గట్టిగానే అడిగాను. "చెప్పేయరాదా అన్నా? పిల్ల మనసు విరిగిపోతున్నది."

"ఏమని చెప్పాలె సార్? నీ బిడ్డ నాకు కంపెనీ కంపు కొడ్తున్నదని చెప్పాల్నా? బాలెంతకు చెప్పే మాటనా?" అన్నాడు. విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ మళ్లీ అన్నాడు. "నాకు ఒక్కటి యాదికున్నదంటి గద, మా బిడ్డ తల వాసన. మొన్న కండ్లు మూసుకుని యాది జేసుకున్న. గది గూడ బ్లాకు వాసననే వస్తున్నది సార్."

అంత నిస్సహాయంగా ఒక మనిషి మాట్లాడటం నేను ఇంకెక్కడా వినలేదు. ఆ ముక్కు రాకుండా ఉంటేనే బాగుండేదని ఆ రోజు అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

ఐదో నెలలో అల్లుడు వచ్చి తల్లినీ పిల్లనూ తీసుకుపోయాడు. వెళ్లేటప్పుడు కూతురు తండ్రికి చెప్పి పోలేదు. పండగలకు రమ్మంటే ఏదో సాకు చెప్పేది. ఆయన మేడెక్కడం మానేశాడు. వెన్నులు తుంచేవాళ్లు లేక తులసి అంతా గింజపట్టి, ఆకు చిన్నదై, కొమ్మలు పుల్లలయ్యాయి. భార్య క్యాన్ నీళ్లు పోసి, దీపం పెట్టి వస్తూ ఉండేది. ఆయన ఉత్త మజ్జిగన్నం, అదీ చల్లగా, ఊపిరి బిగబట్టి నాలుగు ముద్దలు మింగేవాడు. యూనిఫాం వదులైపోయి, భుజాల మీది బిళ్లలు చేతుల మీదికి జారాయి.

ఒక పొద్దున డ్యూటీ అప్పజెప్పి, గేటు దగ్గరి కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడట. అంతే. గుండె ఆగిందన్నారు.

వాకిట్లో పడుకోబెట్టారు. కబురందగానే కూతురు వచ్చింది. అల్లుడు పని మధ్యలోంచి అట్లాగే వచ్చినట్టున్నాడు, కంపెనీ బట్టల్లోనే ఉన్నాడు. పిల్ల అతని భుజం మీద ఉంది. చుట్టాల్లో ఒక ముసలమ్మ, "పిల్లను తెచ్చి తాత కాళ్లకు మొక్కియ్యండ్రి" అంది.

కూతురు కళ్లు తుడుచుకుంది. "బతికినన్నొద్దులు ఒక్కపారి దగ్గరికి తీస్కోలే. ఇప్పుడెందుకు మొక్కుడు?"

ఇన్నాళ్లూ నోరు కుట్టుకున్న తల్లి ఇక ఆపుకోలేకపోయింది. "గట్లనకే బిడ్డా. ముక్కొచ్చిందనుకున్నం గనీ, రాలే. ఏది వాసన జూసినా ఆయనకు బ్లాకు వాసననే వచ్చేది. పిల్లనెత్తుకుంటె గూడ గదే వాసన. నీకు చెప్తే కుములుతవని చెప్పనియ్యలే. ఇష్టం లేక గాదే. దానికోసం ఎంత తండ్లాడిండో నాకెరుక" అని బోరుమంది.

కూతురు తండ్రి మొహం వైపు చూసింది. తర్వాత మొగుడి వైపు, అతని భుజం మీద తల ఆన్చి పడుకున్న పిల్ల వైపు చూసింది. లేచి వెళ్లి పిల్లను తీసుకుంది. తల మీద ముక్కు ఆనించి గట్టిగా ఊపిరి పీల్చింది. మెడ దగ్గర పీల్చింది. గౌను ఎత్తి పీల్చింది. పిల్ల చక్కిలిగింతలనుకుని నవ్వింది.

"అమ్మా, నాయినకు ఒట్టిగనే వచ్చిందో, నిజంగనే దీని మీద ఉన్నదో, మాకెట్ల తెలుస్తది? మేం రోజూ గా వాసనలనే ఉంటం గద."

అల్లుడు తన కంపెనీ చొక్కా వైపు ఒకసారి చూసుకున్నాడు. పిల్ల రెండు చేతులూ చాపి అతని వైపు వంగింది. అతను వెనక్కి జరిగి, గోడ పక్కకు పోయి నిలబడ్డాడు.